పద్యం కనిపిస్తుంది, వినిపించదు: ఛందస్సు పాఠాలను అందుబాటులోకి తెచ్చిన ఒక కేస్

నేపథ్యం

దూరవిద్యలో బీఏ మొదటి సంవత్సరం తెలుగు పేపరు. ప్రాచీన పద్యభాగం, దానికి తోడు ఛందస్సు, అలంకారాలు. మొత్తం పన్నెండు పాఠాలు, ఒక్కొక్కటి ఇరవై పేజీలకు అటూ ఇటూ. అన్నీ ఏళ్ల కిందట అచ్చు పుస్తకం కోసం పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, "అను" అనే పాత తెలుగు ఫాంట్లతో కూర్చినవి. మూడుల్ అనే బోధన సాఫ్ట్‌వేర్ మీద ఆన్‌లైన్ పోర్టల్ పెట్టినప్పుడు ఆ పేజీలనే పీడీఎఫ్ చేసి ఎక్కించారు. పాఠానికి ఒక వీడియో, పాఠం చివర ఒక క్విజ్.

సంస్థ పేరు, ఊరు, సంవత్సరం ఇక్కడ చెప్పడం లేదు. విద్యార్థుల వివరాలు కూడా గుర్తుపట్టే వీలు లేకుండా మార్చాం.

ఈ కేసులో నలుగురు విద్యార్థులున్నారు. మొదటి అమ్మాయికి పుట్టుకతో చూపు లేదు. కంప్యూటర్ లేదు, చదువంతా ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్‌తోనే, అంటే తెర మీదున్నది చదివి వినిపించే సాధనంతో. రెండో అతనికి చూపు క్రమంగా తగ్గుతోంది. పాత ల్యాప్‌టాప్‌లో అక్షరాలు మూడు నాలుగు రెట్లు పెంచుకుని చదువుతాడు, కళ్లు అలసిపోతే ఎన్‌వీడీఏ అనే కంప్యూటర్ స్క్రీన్ రీడర్ ఆన్ చేసి వింటాడు. మూడో అమ్మాయికి వినపడదు. ఆమె మొదటి భాష భారతీయ సంకేత భాష, తెలుగు ఆమెకు బడిలో నేర్చిన రెండో భాష. నాలుగో అతనికి సెరిబ్రల్ పాల్సీ. మౌస్ పట్టుకోలేడు, కీబోర్డు మీద ఒక్కో కీ నిదానంగా నొక్కుతాడు.

వచ్చిన సమస్య

మొదటి అమ్మాయి నుంచి వచ్చిన ఫిర్యాదు ఒక్క వాక్యమే: "పాఠం తెరిస్తే ఫోన్ ఏదో మాట్లాడుతోంది, అది తెలుగు కాదు." పోర్టల్ నిర్వాహకులు దాన్ని ఫోన్ సెట్టింగ్ సమస్య అనుకున్నారు. తెలుగు గొంతు ఇన్‌స్టాల్ చేసుకోమని సలహా ఇచ్చారు. ఆమె ఫోన్‌లో ఆ గొంతు అప్పటికే ఉంది, వాట్సాప్ సందేశాలు చక్కగా చదివిపెడుతోంది. అంటే లోపం చదివే సాధనంలో లేదు, పాఠంలోనే ఉంది.

ఇది తేల్చుకోవడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. పీడీఎఫ్‌లో ఒక పేరా ఎంచుకుని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే చాలు. మామూలు తెలుగు వస్తే ఒక రకం. రోమన్ అక్షరాలు, డాలర్ గుర్తులు, ఏటవాలు గీతలు కలగలిసి వస్తే రెండో రకం. ఏమీ ఎంపిక కాకపోతే మూడో రకం, అంటే స్కాన్ చేసిన బొమ్మ. ఈ పన్నెండు పాఠాల్లో పది రెండో రకం. మిగిలిన రెండింటికి మూల ఫైళ్లు పోయాయి. అచ్చు పుస్తకాన్నే స్కాన్ చేసి పెట్టారు.

రెండో రకం ఎందుకు వస్తుందో తెలిస్తేనే తర్వాతి నిర్ణయాలు అర్థమవుతాయి. యూనికోడ్ అనే ప్రమాణంలో "క" అనే అక్షరానికి తనదైన సంఖ్య ఉంటుంది. పాత డీటీపీ ఫాంట్లలో అలా ఉండదు. కంప్యూటర్ దృష్టిలో అక్కడ ఉన్నది ఏదో ఒక రోమన్ అక్షరమో గుర్తో. ఫాంటు దానికి తెలుగు అక్షరం వేషం వేసి చూపిస్తుంది. తలకట్టు ఒక గుర్తు, ఒత్తు ఇంకో గుర్తు, కొమ్ము మరొకటి. కన్ను వేషాన్ని చూస్తుంది, స్క్రీన్ రీడర్ వేషం కింద ఉన్నదాన్ని చదువుతుంది. చూపు తగ్గుతున్న విద్యార్థికీ ఇదే చిక్కు ఇంకో రూపంలో ఎదురైంది. "యతి" అని వెతికితే ఇరవై పేజీల ఛందస్సు పాఠంలో ఒక్కచోట కూడా దొరకలేదు.

మొదటి ప్రయత్నం: ఆడియో

సంస్థకు ముందుగా తోచింది రికార్డింగ్. పాఠం చదివించి ఎంపీ3 పెడితే చూపులేనివాళ్ల సమస్య తీరిపోతుందని. మంచి గొంతుతో మూడు పాఠాలు రికార్డు చేయించారు కూడా. ఒక్కో పాఠం రెండు ముక్కలు, ముక్క నలభై నిమిషాలు.

మూడు పాఠాల తర్వాత ఆపేశాం. కారణాలు ఇవి. ఆడియోలో వెనక్కి వెళ్లి ఒక నిర్వచనం వెతకడం అంటే చీకట్లో తడుముకోవడమే. శీర్షికలు ఉండవు, వెతుకులాట ఉండదు. 64 కేబీపీఎస్ దగ్గర కుదించినా నలభై నిమిషాలు దాదాపు 19 ఎంబీ. అదే పాఠం వచన రూపంలో కొన్ని వందల కేబీలు దాటదు. రోజువారీ డేటా మీద బతికే ఫోన్‌కు ఆ తేడా చిన్నది కాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది వర్ణక్రమం. పరీక్షలో మొదటి అమ్మాయి చెబుతుంటే సహాయకుడు రాస్తాడు. పద్యం రాయించేటప్పుడు అక్కడ ద్విత్వమా, అరసున్నా ఉందా, "థ"నా "ధ"నా అని అడిగితే ఆమె చెప్పగలగాలి. విని నేర్చుకున్నవాళ్లకు ఉచ్చారణ వస్తుంది, రాత రాదు. ఛందస్సు పేపరులో ఒక ఒత్తు తప్పితే గురువు లఘువవుతుంది.

రికార్డింగ్‌లను పారేయలేదు. వాటికి తగిన చోటు తర్వాత దొరికింది.

రెండో ప్రయత్నం: ఓసీఆర్

సంస్థలో ఒకరు నిబంధన చూపించారు. 2017 నాటి దివ్యాంగుల హక్కుల నియమావళిలో 15వ నియమం వెబ్‌సైట్లలో పెట్టే పత్రాలు ఈపబ్ (ఈ-పుస్తకం) రూపంలో గానీ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను వచనంగా మార్చే పద్ధతి) ఆధారిత పీడీఎఫ్‌గా గానీ ఉండాలంది. కాబట్టి ఉన్న పీడీఎఫ్‌లన్నిటికీ ఓసీఆర్ కొట్టిస్తే కాగితం మీద పని అయిపోయినట్టే. (2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ 15వ నియమంలోని మొదటి ఉపనియమాన్ని మూల చట్టానికి విరుద్ధమని తేల్చి, సలహాల్లా కాకుండా తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమంది. ఆ సంగతి వేరు.)

టెసెరాక్ట్ అనే ఓసీఆర్ సాధనంలో తెలుగు ఉంది, గూగుల్ డ్రైవ్ కూడా తెలుగు బొమ్మను వచనం చేస్తుంది. వచన భాగంలో రెండూ పనికొచ్చాయి. పద్యభాగంలో రెండూ బోల్తా పడ్డాయి. ప, వ, ష ఒకదానికొకటి మారాయి. థ, ధ కలిసిపోయాయి. అరసున్నలు చాలాచోట్ల మాయమయ్యాయి. అనుస్వారపు సున్న ఉండాల్సిన చోట అంకె సున్న వచ్చింది. ఆధునిక వచనంలో ఇలాంటి తప్పును చదివేవాడు సందర్భాన్ని బట్టి దిద్దుకోగలడు. పద్యంలో అసలు మాటే కొత్తదైనప్పుడు ఏది తప్పో విద్యార్థికి ఎలా తెలుస్తుంది? తప్పు తెలుస్తూ ఉన్న పాఠం కంటే తప్పు తెలియకుండా ఉన్న పాఠం ప్రమాదం.

అందుకని నిర్ణయం ఇలా తీసుకున్నాం: మూల ఫైలు ఉన్న పది పాఠాలకు ఓసీఆర్ ముట్టుకోవద్దు. మూలం పోయిన రెండు పాఠాల్లో వచనానికి ఓసీఆర్, పద్యాలను మాత్రం చేత్తో టైపు చేయించడం. ఒక పాఠంలో పద్యాలు పాతికకు మించవు కాబట్టి దిద్దడం కంటే టైపు చేయడమే తక్కువ పని.

కన్వర్టర్, దానితో వచ్చిన తంటాలు

అను ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు చాలా ఉన్నాయి. మొదటిసారి పేజ్‌మేకర్ నుంచి వచనమంతా ఒకేసారి కాపీ చేసి కన్వర్టర్‌లో వేస్తే తెలుగు బాగానే వచ్చింది గానీ, మధ్యమధ్య ఉన్న ఇంగ్లిష్ మాటలు, పేజీ సంఖ్యలు, కుండలీకరణలు తెలుగు చెత్తగా మారాయి. సాదా వచనంగా కాపీ చేసినప్పుడు ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో పోతుంది. కన్వర్టర్ అన్నిటినీ అను అనుకుని మార్చేస్తుంది.

పని చేసిన దారి ఇది. పేజ్‌మేకర్ నుంచి ఆర్‌టీఎఫ్‌గా ఎగుమతి చేయాలి. దాన్ని వర్డ్‌లో తెరిస్తే ఫాంటు పేర్లు నిలిచి ఉంటాయి. ఫైండ్‌లో ఫాంటు పేరు ఇచ్చి, అను ఫాంటులో ఉన్న ముక్కలను మాత్రమే ఎంచుకుని మార్చాలి. మాక్రో రాసుకుంటే పాఠానికి అరగంట. అను ఫాంట్లలో వేర్వేరు వెర్షన్ల కూర్పులు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి, ముందు ఒక్క పేరా మార్చి క్ష, జ్ఞ, శ్రీ, ర్య, ౠ ఉన్న మాటలు సరిగ్గా వచ్చాయో లేదో చూడకుండా మొత్తం మార్చకూడదు.

మార్చాక కూడా మూడు రకాల తప్పులు మిగిలాయి. అవి కన్వర్టర్ చేసినవి కావు, మొదట టైపు చేసినవారి అలవాట్లు.

విసర్గకు బదులు కోలన్. "దుఃఖం" అని ఉండాల్సిన చోట కోలన్ పెట్టి "దు:ఖం" అని కొట్టారు. కంటికి తేడా తెలియదు. స్క్రీన్ రీడర్ మాత్రం మాటను రెండు ముక్కలు చేసి మధ్యలో కోలన్ అంటుంది, లేదా ఆగిపోతుంది. ఛందస్సులో విసర్గతో కూడిన అక్షరం గురువు కాబట్టి ఇది ఉచ్చారణ లోపంతో ఆగదు. రెండు తెలుగు అక్షరాల మధ్య ఖాళీ లేకుండా కోలన్ వస్తే విసర్గగా మార్చమని ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (వెతికి మార్చే సూత్రం) రాస్తే చాలావరకు తీరింది. "ఉదా:" లాంటివాటి తర్వాత ఖాళీ ఉంటుంది కాబట్టి అవి తప్పించుకుంటాయి.

సున్నకు బదులు అంకె. పూర్ణానుస్వారం వేరు, తెలుగు అంకె సున్న వేరు, రోమన్ అంకె సున్న వేరు. చాలా ఫాంట్లలో మూడూ గుండ్రంగా ఒకేలా కనిపిస్తాయి. ప్రూఫ్ చూసేవారి కంటికి ఇది ఎప్పటికీ దొరకదు. వింటే వెంటనే దొరుకుతుంది.

పద్యం ముందు పొడి అక్షరాలు. "ఉ.", "చ.", "కం.", "తే.గీ.", "ఆ.వె." అచ్చులో అందరికీ తెలిసిన సంకేతాలే. వినేవారికి "ఆ వె" అంటే ఏమిటి? అన్నిచోట్లా ఉత్పలమాల, చంపకమాల, కందం, తేటగీతి, ఆటవెలది అని పూర్తిగా రాశాం. పాదం చివర మాటను విరిచి పెట్టిన అడ్డగీతలు కూడా తీసేశాం. పద్యాన్ని రెండు రూపాల్లో ఇచ్చాం: పాదాల వారీగా ఒకటి, పదవిభాగంతో విడదీసింది ఇంకొకటి.

ప్రతిపదార్థం దగ్గర ఒక చిన్న మార్పు పెద్ద తేడా తెచ్చింది. అచ్చులో అది ఒకే పేరాగా ఉంటుంది: పదం, సమాన గుర్తు, అర్థం, సెమికోలన్, మళ్లీ పదం. విరామచిహ్నాలు చదవడం తగ్గించి పెట్టుకున్నవారికి ఆ గుర్తులు వినిపించవు, పదమూ అర్థమూ కలిసి ఒకే ప్రవాహంలా పోతాయి. పట్టికగా మార్చి చూశాం, ఫోన్‌లో గడి గడికీ వేలు జరపడం విసుగు. చివరికి ఒక్కో జంటను ఒక్కో జాబితా అంశంగా చేసి, సమాన గుర్తు తీసేసి "అంటే" అని రాశాం. పంతులుగారు తరగతిలో చెప్పేది కూడా అలాగే కదా.

పీడీఎఫ్‌ను ఎందుకు వదిలేశాం

యూనికోడ్ వచనం చేతికొచ్చాక వర్డ్‌లో శీర్షికల స్టైళ్లు పెట్టి, ట్యాగులతో సహా పీడీఎఫ్ తీశాం. నియమాల ప్రకారం అన్నీ ఉన్నాయి. నోట్‌ప్యాడ్ పరీక్షలో మాత్రం మళ్లీ తేడా వచ్చింది. ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడ ముందువెనుకలయ్యాయి. పీడీఎఫ్ నిల్వ చేసేది అక్షరాలను కాదు, అచ్చురూపాలను. తెలుగులో ఒక అక్షరం రెండు మూడు రూపాల కలయికగా తయారవుతుంది. ఆ రూపాల నుంచి వెనక్కి అక్షరాలను రాబట్టే పట్టిక సరిగ్గా లేకపోతే వచనం చెదురుతుంది. ఇంగ్లిష్ పీడీఎఫ్‌లతో అలవాటైనవారు ఈ గొయ్యిలో తరచూ పడతారు: మూలం యూనికోడ్, ఫాంటు యూనికోడ్, అయినా పీడీఎఫ్ చదవదు.

అందుకే ప్రధాన రూపంగా పోర్టల్‌లోనే వెబ్ పేజీ, ఇంటికి తీసుకెళ్లి చదువుకోవడానికి ఈపబ్. డైసీ కన్సార్షియం ఉచితంగా ఇచ్చే వర్డ్‌టుఈపబ్ అనే సాధనం స్టైళ్లు సరిగ్గా ఉన్న వర్డ్ ఫైలును నేరుగా ఈపబ్ చేస్తుంది. పీడీఎఫ్‌ను అచ్చు తీసుకునేవారి కోసం ఉంచి, లింకు మీదే "ముద్రణ ప్రతి" అని రాశాం. పేజీకి భాష తెలుగు అని కోడ్‌లో తప్పక చెప్పాలి. అది లేకపోతే ఎన్‌వీడీఏ ఇంగ్లిష్ గొంతుతో తెలుగు చదవబోతుంది. ఈ పోర్టల్ మూల భాష ఇంగ్లిష్ కావడంతో పాఠం భాగానికి విడిగా ప్రకటించాల్సి వచ్చింది.

హక్కుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకున్నాం. కొన్ని వ్యాఖ్యానాల మీద ఇతరుల కాపీరైట్ ఉంది. కాపీరైట్ చట్టంలో 2012లో వచ్చిన సవరణ వైకల్యం ఉన్నవారికి అందుబాటు రూపంలో ప్రతులు తయారుచేయడాన్ని ఉల్లంఘన కాదంటుంది. ఆ పాఠాల ఈపబ్‌లను లాగిన్ వెనుక మాత్రమే ఉంచాం.

గురులఘువులు: రెండుసార్లు మార్చిన పాఠం

ఈ కేసులో ఎక్కువ తల బద్దలు కొట్టుకున్నది ఇక్కడే. అచ్చులో గణవిభజన ఎలా ఉంటుందో తెలుగు చదివిన అందరికీ తెలుసు. పాదంలోని అక్షరాలు విడివిడిగా, వాటి నెత్తిన గురువుకు ఇంగ్లిష్ యు లాంటి గుర్తు, లఘువుకు నిలువు గీత. ఏ గుర్తు ఏ అక్షరానిదో చెప్పేది ఖాళీలే. స్క్రీన్ రీడర్‌కు ఖాళీలు కనిపించవు. ఉత్పలమాల పాదం అయితే ముందు ఇరవై గుర్తులు "యు ఐ ఐ యు ఐ యు" అంటూ వరసగా చదివి, తర్వాత ఇరవై అక్షరాలు చదువుతుంది. పద్నాలుగో అక్షరం గురువా లఘువా అంటే, విన్న ఇరవై గుర్తులనూ గుర్తుంచుకుని లెక్కపెట్టుకోవాలి.

మొదటి పరిష్కారం పట్టిక. అక్షరానికి ఒక వరస. మూడు నిలువులు: అక్షరం, గురువా లఘువా, కారణం. "పుస్తకం" అనే మాటతో చూస్తే: పు, గురువు, తర్వాత సంయుక్తాక్షరం ఉంది, స్త, లఘువు, హ్రస్వం, కం, గురువు, సున్న ఉంది. కంటికి చక్కగా ఉంది, శీర్షిక గడులు సరిగ్గా ఉన్నాయి, తనిఖీ సాధనం తప్పేమీ చూపలేదు. కానీ పాదానికి ఇరవై వరసలు, అరవై గడులు. నాలుగు పాదాలకు 240. మొదటి విద్యార్థిని ఒక పద్యం పూర్తి చేసేసరికి పద్యం ఏమిటో మరిచిపోయింది.

ఆమెతో కూర్చుని అడిగితే తేలిందేమంటే, ఛందస్సు నేర్చుకునేవారి మనసులో లెక్క అక్షరాలది కాదు, గణాలది. భ ర న భ భ ర వ అని పాదాన్ని పట్టుకుంటారు. కాబట్టి ప్రమాణం గణమే కావాలి. రెండో రూపం ఇలా వచ్చింది: గణానికి ఒక పంక్తి. "రగణం: పు గురువు, స్త లఘువు, కం గురువు." ఉత్పలమాల పాదానికి ఏడు పంక్తులు, పద్యానికి ఇరవై ఎనిమిది. కారణం ప్రతి అక్షరానికీ చెప్పడం మానేసి, సందేహం వచ్చే చోట మాత్రమే చేర్చాం. ముఖ్యంగా పక్కనున్న ఒత్తక్షరం వల్ల గురువైన హ్రస్వాలకు. సంయుక్తాక్షరాన్ని ఎక్కడా చీల్చకూడదన్నది నియమం. స, పొల్లు, త అని విడిపోతే లెక్క తప్పుతుంది.

యతి చెప్పడం కూడా గణంతో తేలికైంది. ఉత్పలమాలలో యతి పదో అక్షరం. మూడు గణాలకు తొమ్మిది అక్షరాలు కాబట్టి అది నాలుగో గణం మొదటి అక్షరం. చంపకమాలలో పదకొండో అక్షరం, అంటే నాలుగో గణంలో రెండోది. ఆ పంక్తి చివర "ఇక్కడ యతి" అని ఒక మాట. చూపున్నవారి కోసం పాత గుర్తుల పటం పక్కనే ఉంది, స్క్రీన్ రీడర్‌కు కనబడకుండా దాచాం. లేకపోతే ఒకే విషయం రెండుసార్లు వినాల్సి వస్తుంది.

మేము ఊహించనిది ఇంకొకటి జరిగింది. ఈ గణాల పంక్తులను చూపున్న విద్యార్థులు కూడా వాడుకోవడం మొదలుపెట్టారు.

చూపు తగ్గుతున్నవారికి

అచ్చులో యతి అక్షరాలు ఎరుపు, ప్రాసాక్షరాలు ఆకుపచ్చ. రంగు ఒక్కదాని మీద అర్థం ఆధారపడకూడదన్నది డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరికీ అందేలా చేసే మార్గదర్శకాలు) మొదటి పాఠాల్లో ఒకటి. మొదట రంగుతో పాటు అండర్‌లైన్ పెట్టాం. అది తప్పు. తెలుగు ఒత్తులు అక్షరం కిందే వేలాడతాయి. గీత వాటిని కొట్టేస్తుంది, క్రావడి ఉందో లేదో తెలియదు. ఇంగ్లిష్ మార్గదర్శకాలను ఉన్నవున్నట్టు తెచ్చుకుంటే వచ్చే చిక్కు ఇది. అక్షరం చుట్టూ గడి గీయడం పని చేసింది.

పంక్తుల మధ్య దూరం డబ్ల్యూసీఏజీ లెక్కలో ఒకటిన్నర రెట్లకు పెంచుకున్నా పాఠం చెదరకూడదు. తెలుగుకు మొదటి నుంచే 1.8 పెట్టాం, పై గుడులూ కింది ఒత్తులూ ఢీకొనకుండా. శీర్షికల ఎత్తును పిక్సెళ్లలో బిగించిన చోట కింది ఒత్తులు తెగిపోయాయి. ఎత్తు బిగింపు తీసేశాం. వచనం రంగుకూ నేపథ్యానికీ తేడా కనీసం 4.5:1 ఉండేలా చూశాం. 400 శాతం పెంచినప్పుడు పక్కకు జరపాల్సిన అవసరం రాకూడదు; రెండు వైపులా సమం చేసిన పేరాలు ఆ పెంపులో మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు తెచ్చాయి కాబట్టి ఎడమవైపు మాత్రమే సమం చేశాం.

వీడియోలు, వినపడని విద్యార్థిని

వీడియోల్లో ఉపాధ్యాయుడు బోర్డు మీద చూపిస్తూ "ఇదిగో, దీని తర్వాత ఇది వచ్చింది కాబట్టి ఇది గురువు" అంటాడు. చూపులేనివారికి "ఇది" అంటే ఏదో తెలియదు. వినపడనివారికి క్యాప్షన్‌లో చదివినా అదే. కొత్త వీడియోలకు ఒకే సూచన ఇచ్చాం: వేలు పెట్టి చూపించేదాని పేరు నోటితో చెప్పండి. పాత వీడియోలకు ఆ చోట్లలో క్యాప్షన్‌లోనే చదరపు కుండలీకరణల్లో అక్షరం చేర్చాం, వీడియో కింద పూర్తి లిఖిత ప్రతి పెట్టాం.

యంత్రం ఇచ్చిన క్యాప్షన్లు వచనం దగ్గర దిద్దుకోదగ్గవి, పద్యం దగ్గర చెత్త. పద్యాలను పాఠం నుంచే అతికించి, ఒక క్యాప్షన్‌కు ఒక పాదం చొప్పున సమయం కుదిర్చాం. క్యాప్షన్లుండే ఎస్‌ఆర్‌టీ ఫైలును యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రూపంలో భద్రపరచకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా వస్తుంది.

కానీ క్యాప్షన్ పెట్టడంతో ఆమె సమస్య తీరలేదు. ప్రాచీన పద్యం తెలుగు మాతృభాష అయినవారికే అర్థం కాదు, రెండో భాషగా నేర్చినవారికి అది అక్షరాల గోడ. ప్రతి పాఠానికి పొట్టి వాక్యాల సారాంశం రాయించాం, సంకేత భాషలో వివరణ వీడియో చేయించాం. విడ్డూరమేమంటే ఛందస్సులో ఆమెకు అంత ఇబ్బంది రాలేదు. తరగతిలో లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అని చిటికెలు వేసి నేర్పుతారు. ఆమెకు చిటిక అక్కర్లేదు. దీర్ఘమా, సున్న ఉందా, విసర్గ ఉందా, పొల్లు ఉందా, తర్వాత ఒత్తక్షరం ఉందా అని రాతలోంచే తేల్చవచ్చు. పాఠంలో ఆ నియమాలను ముందుకు తెచ్చి, చిటికెల పేరాను వెనక్కి జరిపాం. ఒకే పాఠానికి రెండు దారులున్నప్పుడు రెండూ రాయాలి. ఏది ఎవరికి సులువో వాళ్లే ఎంచుకుంటారు.

రికార్డింగ్‌లకు చోటు దొరికిందని చెప్పింది ఇక్కడే. ఎనభై నిమిషాల పాఠంలోంచి పద్యపఠనం ముక్కలు మాత్రం కత్తిరించి, ఒక్కోటి అర నిమిషం, ఆయా పద్యాల పక్కన పెట్టాం. యంత్రం గొంతు పద్యాన్ని వచనంలా చదువుతుంది. నడక వినాలంటే మనిషి గొంతే కావాలి.

క్విజ్

గుర్తులను మౌస్‌తో లాగి అక్షరాల మీద వేసే ప్రశ్నలు నాలుగో విద్యార్థికి, మొదటి విద్యార్థినికి కూడా మూసిన తలుపులే. ఒక్కో అక్షరానికి ఒక డ్రాప్‌డౌన్ పెట్టి, దానికి "మూడో అక్షరం, స్త" అన్నట్టు పేరు పెట్టాం. ఇరవై అక్షరాల పాదం అడగడం మానేసి, ఒకటి రెండు గణాలే అడిగాం. పరీక్షించాల్సింది ఛందస్సు జ్ఞానాన్ని, ఓర్పును కాదు.

సమయం దగ్గర మొదట తప్పు చేశాం. 2018 కేంద్ర మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలన్నాయి. అరగంట క్విజ్‌కు లెక్కవేసి పది నిమిషాలు కలిపాం. కీ కీకీ ఆగే చేతికి అది చాలలేదు. ఆ మార్గదర్శకంలో ఉన్నది కనీసం అనే మాట, మేము దాన్ని గరిష్ఠంలా వాడాం. సాధన క్విజ్‌లకు గడియారం పూర్తిగా తీసేశాం. మార్కులున్నవాటికి మూడుల్‌లో విద్యార్థి వారీగా సమయం మార్చే సదుపాయం ఉంది. నాలుగో అతనికి రెట్టింపు పెట్టాం.

ప్రూఫ్ పద్ధతి, మిగిలిన పని

ప్రతి పాఠానికి రెండు ప్రూఫ్‌లు. ఒకటి కంటితో, అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని. రెండోది చెవితో, తెర చూడకుండా, స్క్రీన్ రీడర్ చదువుతుంటే. కోలన్ విసర్గలూ అంకె సున్నలూ చెవికే దొరికాయి. థ, ధ తేడా యంత్రం గొంతులో తేలదు, అది కంటికే. పద్యభాగం ఉన్న ఇరవై పేజీలకు ఇద్దరు మనుషులు రెండు రోజులు పట్టింది. మార్పిడి అరగంట పని అని చెప్పి బడ్జెట్ వేసేవారు ఈ రెండు రోజులనూ మరిచిపోతారు.

విద్యార్థులను చివర్లో పరీక్షకు పిలవడం మా పొరపాటు. గురులఘువుల పట్టికను పన్నెండు పాఠాలకూ చేశాక మొదటి విద్యార్థినికి చూపించాం, మళ్లీ అన్నీ తిరగరాశాం. ఒక్క పద్యం చేసి చూపిస్తే సరిపోయేది. ఆ గంట పనికి ఆమెకు పారితోషికం ఇవ్వాలన్న ఆలోచన కూడా ఆలస్యంగానే వచ్చింది.

ఇంకా తీరనివి ఉన్నాయి. చిత్రకవిత్వంలో బంధాలున్న ఒక పాఠాన్ని అందించే దారి దొరకలేదు. పద్యాన్ని పాము చుట్టలా, చక్రంలా అమర్చినప్పుడు ఏ అక్షరం ఎన్నిచోట్ల పంచుకోబడుతుందో మాటల్లో వివరిస్తే రెండు పేజీలవుతోంది. ఉబ్బెత్తు గీతల కాగితం మీద చేసి పోస్టులో పంపాలని ప్రస్తుత ఆలోచన. ఇక కొత్త పాఠాలు రాసేవారు ఇప్పటికీ డీటీపీ ఆపరేటర్‌కే రాతప్రతి ఇస్తున్నారు, అతను అలవాటైన ఫాంటులోనే కొడుతున్నాడు. ఒప్పంద పత్రంలో "యూనికోడ్ వర్డ్ ఫైలు ఇచ్చాకే చెల్లింపు" అన్న వాక్యం చేర్చమని అడిగాం. ఫైలు కదలాల్సి ఉంది.